అందని కొమ్మ

మనిషి చేయి పొడవు రెండు మూరలకు మించదు. అతని అవసరాలు మాత్రం ఏనాడూ ఆ కొలతకు లోబడి ఉండలేదు. చేతికి అందని పండును రాయి విసిరి రాల్చినవాడే కొంతకాలానికి ఒక కర్రను చేతపట్టాడు. ఆ కర్ర కొనకు కొక్కెం తగిలించాడు. తెలుగువారు ఆ సాధనానికి దోటి అని పేరు పెట్టుకున్నారు. మామిడితోటలో కాయ దెబ్బ తినకుండా దించడానికి చిక్కం కట్టిన దోటి, పెరటి మునగకాడను లాగడానికి కొక్కెం ఉన్న దోటి, మేకల మందకు ఆకు దించడానికి కొడవలి బిగించిన దోటి అంటూ ఒక్క గడకే ఎన్నో వేషాలు. ఈ దోటి చివరకు ఇటీవలి కాలంలో ఒక రంపం వచ్చి చేరింది. బ్యాటరీతో తిరిగే ఆ రంపాన్ని అంగళ్ళలో ‘పోల్ సా’ అంటారు. పల్లెల్లో దానిని చూసినవారు బ్యాటరీ రంపమనో, గడరంపమనో పిలుచుకుంటున్నారు. అది కరవుసీమలోని ఒక వీధికి ఎలా వచ్చిందో, అక్కడ ఎవరికి ఏమి నేర్పిందో, ఎవరి వద్ద ఏమి నేర్చుకుందో తెలుసుకోవడం ఆసక్తికరమైన విషయం.

అనంతపురం నుండి తాడిపత్రికి వెళ్ళే దారిలో, పట్టణం దాటిన కొద్దిసేపటికే బుక్కరాయసముద్రం వస్తుంది. సముద్రానికి ఎన్నో ఆమడల దూరాన, మెరకనేలపై ఉన్న ఊరికి సముద్రమనే పేరు రావడం కొత్తవారికి వింతగా తోస్తుంది. ఆ పేరు అక్కడి చెరువుది. విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కాలంలో, పద్నాలుగవ శతాబ్దంలో, చిక్క ఒడయరు అనే మంత్రి పండమేరు వాగుకు అడ్డుకట్ట వేయించి ఈ చెరువును నిర్మింపజేశాడని చరిత్ర చెబుతున్నది. వాన తక్కువైన నేలలో నీటిని ఆపడమే సముద్రాన్ని సృష్టించడమని నాటివారు భావించి ఉంటారు.

ఈ చెరువుకు ఒక విషాదగాథ కూడా ఉంది. ఒకప్పుడు కుండపోత వానకు కట్ట తెగబోగా, ఊరిని కాపాడడానికి ముసలమ్మ అనే ఇల్లాలు తనను తాను బలి ఇచ్చుకున్నదని స్థానికులు చెప్పుకుంటారు. పేరు ముసలమ్మ అయినా ఆమె నవయౌవనంలో ఉన్న కోడలు. కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉన్న దినాలలో ఈ కథనే ‘ముసలమ్మ మరణము’ అనే కావ్యంగా రచించాడు. ఊరు నిలవాలంటే ఒక ప్రాణం పోవలసిందేనా అన్న ప్రశ్న ఆ కథ విన్న ప్రతివారికీ కలుగుతుంది. చెరువుకట్టల కాలం గడిచినా ఆ ప్రశ్న మాత్రం రూపం మార్చుకొని మన వీధుల్లో నేటికీ తిరుగుతూనే ఉంది.

అనంతపురం సీమలో సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అది కూడా అదను తప్పి కురిసే ఏడాదులే ఎక్కువ. ఇటువంటి నేలలో ఒక చెట్టు పెరిగి పెద్దదై నీడనివ్వడం సామాన్యమైన విషయం కాదు. కోనసీమలో చెట్టును నాటితే చాలు, పెంచే పని నేల చూసుకుంటుంది. అనంతపురంలో బిందెలతో నీళ్ళు మోసి, కంచె కట్టి, మేకల నుండి కాపాడి, నాలుగు వేసవులు దాటిస్తే గాని మొక్క చెట్టు కాదు. అందువల్లనే ఇక్కడివారికి ఇంటిముందరి వేపచెట్టు ఇంటిలోని మనిషితో సమానం. దాని కింద మంచం వేసుకోనిదే వేసవి పగళ్ళు గడవవు. దాని పువ్వు లేనిదే ఉగాది రాదు.

ఆ ఊరి వీధులలో ఒకదానిలో ఒక పెద్దాయన ఉన్నాడు. వయస్సు డెబ్బై దాటింది. యౌవనంలో చింతచెట్లెక్కి కాయ రాల్చడమే ఆయన జీవనోపాధి. మాఘ ఫాల్గుణ మాసాలలో చింతకాయ పండి పెంకు విడిచే వేళకు చెట్లను గుత్తకు తీసుకొన్న వ్యాపారులు ఇటువంటివారి కోసం వెదుక్కుంటూ వచ్చేవారు. బోదెను కౌగిలించుకొని పైకి పాకడం, కొమ్మ మీద నిలబడి కాలితో కదిలించడం, అందని కొమ్మను దోటితో కొట్టడం, మధ్యాహ్నానికి దిగి గంజి తాగి మళ్ళీ ఎక్కడం ఆయన దినచర్య. ఎండుకొమ్మ ఏదో పచ్చికొమ్మ ఏదో ఆయన కంటితో గాక అరికాలితో తెలుసుకునేవాడు. చింతకొమ్మ వంగుతుంది గాని విరగదని, మునగకొమ్మ చెప్పకుండా విరుగుతుందని, వేపకొమ్మ విరిగే ముందు ఒకసారి మూలుగుతుందని ఆయన చెబుతుంటే వీధిలోని పిల్లలు నోళ్ళు తెరచి వినేవారు.

అయితే ఆయన ఎన్నడూ చెప్పని విషయం ఒకటి ఉంది. ఆయనతో జతగా చెట్లెక్కే మిత్రుడొకడు, వాన వెలసిన మరునాడు, తడి ఆరని చింతబోదె మీద కాలుజారి పడిపోయాడు. తెల్లవారేసరికి ప్రాణం పోయింది. ఆనాడు కోయవలసిన కొమ్మ ఒక్కటే. మరో రెండు రోజులు ఆగితే బోదె ఆరేది. కూలి డబ్బుల కోసం ఆగలేదు. మిత్రుడి భార్య ఆ తరువాత ఇద్దరు బిడ్డలను కూలిపని చేసి పెంచింది. ఆ వీధిలో ఆమె ఎదురైనప్పుడల్లా పెద్దాయన తలదించుకొని పక్కకు తప్పుకునేవాడు. ఆనాటి కొమ్మ తన వంతుదని, తాను కాలు నొప్పి అన్నందువల్ల మిత్రుడు ఎక్కాడని ఆయన భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

2021వ సంవత్సరంలో తెలుగునాట వేపచెట్లకు ఒక విపత్తు వచ్చిపడింది. వానాకాలం ముగిసే వేళకు పచ్చగా ఉండవలసిన చెట్లు కొనల నుండి ఎండిపోసాగాయి. కొమ్మల చివరి ఆకులు మాడి, రెమ్మలు నల్లబడి, చెట్టు నిప్పు సోకినట్లు కనిపించేది. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ వేలాది చెట్లు ఇదే తీరుగా ఎండుతుంటే, వేపకు కూడా చీడ పడుతుందా అని జనులు కలతపడ్డారు. పదిమందికి మందు అయిన చెట్టుకే మందు కావలసి రావడం వారికి అపశకునంగా తోచింది. వ్యవసాయ శాస్త్రవేత్తలు పరిశీలించి, ఇది ఫోమాప్సిస్ అజాడిరక్టే అనే శిలీంధ్రం వల్ల కలిగే కొమ్మ ఎండు తెగులని తేల్చారు. ఎండిన రెమ్మలను కత్తిరించి కాల్చివేయాలని, శిలీంధ్రనాశక మందులు పిచికారీ చేయాలని సూచించారు. చెట్లు చావవు, మళ్ళీ చిగురిస్తాయని ధైర్యం చెప్పారు.

ఈ చికిత్స నేటిది కాదు. ఆరవ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. చెట్టుకు రోగం వచ్చినదని తెలిపే గుర్తులలో ఆకులు పాలిపోవడం, చిగురు ఎదగకపోవడం, కొమ్మలు ఎండిపోవడం, రసం కారడం అనేవాటిని ఆయన పేర్కొన్నాడు. అప్పుడు మొదట చేయవలసిన పని ఆయుధంతో రోగభాగాన్ని తొలగించి శుభ్రపరచడమే. తరువాత వాయువిడంగాలు, నెయ్యి, బురద కలిపిన పూత పూయాలి. నీళ్ళు కలిపిన పాలు మొదట్లో పోయాలి. పూతల సంగతి ఎలా ఉన్నా, ముందు ఎండినదాన్ని తీసివేయాలన్న సూత్రం పదిహేను వందల సంవత్సరాల తరువాత కూడా మారలేదు. మారినదల్లా ఆ ఆయుధమే.

పెద్దాయన ఇంటిముందరి వేపచెట్టుకు కూడా ఆ తెగులు సోకింది. ఆయన పెండ్లినాడు నాటిన చెట్టు అది. పైకొమ్మలు నాలుగు ఎండిపోయాయి. వాటిలో ఒకటి వీధిమీదికి వంగి ఉంది. దాని కిందనే ప్రతి సాయంకాలం పిల్లలు ఆడుకునేవారు. మరొకటి కరెంటు తీగల వైపు చాచుకొని ఉంది. ఆ నవంబరులో రాయలసీమ అంతటా భారీ వర్షాలు కురిశాయి. నీళ్ళు తాగిన ఎండుకొమ్మ మరింత బరువెక్కి, గాలి వీచినప్పుడల్లా మూలుగసాగింది. ఆ మూలుగు అర్థమెరిగినవాడు వీధిలో పెద్దాయన ఒక్కడే.

ఎండుకొమ్మను తేలికగా తీసుకోరాదని చెప్పడానికి పెద్ద చెట్ల చరిత్రే సాక్ష్యం. మహబూబ్‌నగర్ సమీపంలోని పిల్లలమర్రి శతాబ్దాల నాటి మహావృక్షం. చెదలు తొలిచివేయగా 2017 డిసెంబరులో దాని కొమ్మ ఒకటి విరిగిపడింది. అధికారులు వెంటనే సందర్శకులను ఆపివేశారు. 2018లో ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్లు సీసాల ద్వారా చుక్కచుక్కగా మందును కొమ్మలకు ఎక్కించారు. కదిరి ప్రాంతంలోని తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ గ్రంథానికి ఎక్కిన వృక్షం. పైనుండి దిగే దాని ఊడలకు వెదురు గొట్టాలలో దారి కల్పించి, నేల చేరేవరకు కాపాడి, కొమ్మలకు ఊతంగా నిలుపుతారు. పెద్ద చెట్టు తనంతట తాను నిలవదు. దానిని ఎవరో కనిపెట్టుకొని ఉండాలి. మన వీధిలోని చెట్టుకు ఆ ఎవరో మనమే.

ఒక ఉదయం పెద్దాయన పాత గొడ్డలిని సానబట్టి, పంచె ఎగగట్టి, చెట్టు దగ్గరికి నడిచాడు. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న మనవడు అడ్డుపడ్డాడు.

“తాతా, నువ్వు ఎక్కొద్దు. నేనెక్కుతా.”

“నీకేం తెలుసురా? ఎండుకొమ్మ మీద కాలుపెడితే నీతోపాటు అది గూడా వస్తాది.”

“నీకు తెలుసు గదా, మరి నువ్వెట్ల ఎక్కుతావు?”

పెద్దాయన జవాబు చెప్పలేకపోయాడు. తాను ఎక్కగలిగిన కాలం పోయింది. మనవణ్ణి ఎక్కించే ధైర్యం లేదు. కొమ్మను అలాగే వదిలేస్తే కింద ఆడుకునే పిల్లల గతి ఏమిటి? మూడు దారులలోనూ ప్రాణభయమే కనిపించి, ఆయన గొడ్డలిని చెట్టు మొదట ఆనించి అరుగు మీద కూర్చుండిపోయాడు.

ఆ వీధి చివర ఒక చీనీతోట రైతు ఉన్నాడు. అనంతపురం సీమలో బత్తాయిని చీనీ అంటారు. తోటలో ఎండుపుల్లలు తీయడానికి, గట్టు మీది పెద్దచెట్ల కొమ్మలు కొట్టడానికి ఆయన ఒక బ్యాటరీ రంపం కొన్నాడు. మనవడు పరుగున వెళ్ళి విషయం చెప్పగానే ఆయన దానిని భుజాన వేసుకొని వచ్చాడు.

“మామా, చెట్టెక్కే పనిలేదు. నేలమీద నిలబడే కోయొచ్చు” అన్నాడు.

పెద్దాయన దానివంక ఎగాదిగా చూశాడు. మూడు ముక్కలుగా విడదీసి బిగించుకొనే పొడవాటి గడ. పైకొనన జానెడు పొడవున్న ఇనుప నాలిక. దాని చుట్టూ పళ్ళున్న గొలుసు. కింది కొనన ఇటుకరాయంత బ్యాటరీ. అంతా కలిపి నాలుగైదు కిలోల బరువు. నేలమీద నిలిచి పన్నెండు పదిహేను అడుగుల ఎత్తున్న కొమ్మను అందుకోవచ్చు. “దోటికి పళ్ళు మొలిచినాయే!” అని పెద్దాయన నవ్వాడు. ఆ నవ్వులో అపనమ్మకమే ఎక్కువ.

ఆ పళ్ళ వెనుక ఒక చిత్రమైన కథ ఉంది. 1946లో అమెరికాలోని ఆరెగాన్ అడవులలో జో కాక్స్ అనే కట్టెకోత పనివాడు ఒక మొద్దును తొలుస్తున్న పురుగును చూశాడు. ఆ పురుగు తన దవడలతో ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి కొరుకుతూ ఎంతటి గట్టి కలపనైనా అవలీలగా తొలిచివేస్తున్నది. నాటి రంపపు గొలుసుల పళ్ళు కలపను గీకేవే గాని చెక్కేవి కావు. తొందరగా మొద్దుబారేవి. కాక్స్ ఆ పురుగు దవడను అనుకరిస్తూ కుడిఎడమల వంపు పళ్ళున్న గొలుసును తయారు చేశాడు. ప్రపంచంలోని గొలుసు రంపాలలో అత్యధిక భాగం నేటికీ ఆ పురుగుకే ఋణపడి ఉన్నాయి. ఇక బ్యాటరీ విషయానికి వస్తే, లిథియం అయాన్ బ్యాటరీ 1991లో విపణిలోకి వచ్చింది. తేలికగా ఉండి ఎక్కువ శక్తిని దాచుకోగలగడం దాని గుణం. ఆ ఆవిష్కరణకు మూలపురుషులైన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హమ్, అకిరా యొషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. చేతిఫోనుకు ప్రాణం పోసిన ఆ విద్యయే రంపాన్ని పెట్రోలు కంపు నుండి, కరెంటు తీగ బంధం నుండి విడిపించింది. అడవిపురుగు దవడ, రసాయనవేత్తల మేధ కలిసి బుక్కరాయసముద్రం వీధిలోని వేపచెట్టు కిందికి చేరాయి.

రైతు తలకు శిరస్త్రాణం, కళ్ళకు అద్దాలు, చేతులకు తొడుగులు మనవడికి ఇచ్చాడు. గొలుసుకు పట్టించే నూనె నిండుగా ఉన్నదో లేదో చూశాడు. కొమ్మకు సరిగ్గా కింద నిలబడరాదని, గడను నిటారుగా ఎత్తరాదని, నేలకు అరవై డిగ్రీలు మించని వాలులో పట్టుకోవాలని చెప్పాడు. నిటారుగా పట్టుకుంటే తెగిన కొమ్మ గడ వెంట జారి నెత్తిమీదికే వస్తుంది. కొమ్మ పడే చోటు ఒకటి, తాను తప్పుకొనే దారి ఒకటి ముందే చూసుకోవాలి. వీధిలోని పిల్లలను పెద్దాయన దూరంగా తరిమి, తాడు అడ్డం కట్టాడు.

మొదట చిన్నదైన ఒక పక్కకొమ్మను ఎంచుకున్నారు. కొన ఎండినా దాని మొదలు ఇంకా పచ్చిగానే ఉంది. మనవడు ఉత్సాహంతో రంపాన్ని కొమ్మ పైభాగాన ఆనించి మీట నొక్కాడు. గొలుసు గిర్రున తిరిగింది. పొట్టు రాలింది. సగం తెగీ తెగకముందే కొమ్మ తన బరువుకు తానే వాలి, చీలి, బెరడును బోదె మీదుగా మూరెడు పొడవున ఒలుచుకుంటూ కిందికి జారింది. తెల్లటి గాయం కనిపించింది. అరుగు మీది పెద్దాయన చివాలున లేచాడు.

“ఆపురా! ముందు కింద గాటు పెట్టల్ల. తర్వాత పైన కొయ్యల్ల. ఇట్ల కోస్తే మేకతోలు ఒలిచినట్ల బెరడు ఒలుస్తాది!”

మనవడు మీట వదిలి చూస్తూ ఉండిపోయాడు. పెద్దాయన దగ్గరికి వచ్చి చేతికర్రతో పైకి చూపించాడు.

“బోదెకు జానెడు ఎడంగా, అడుగున మొదటి గాటు. అరచేయి ఎడం అవతల పైనుంచి రెండోది. అప్పుడు కొమ్మ ఒలవకుండా తెగిపడతాది. మిగిలిన మోడును చివరన కొయ్యల్ల. అది గూడా బోదెకు అంటించి కొయ్యాకు. అక్కడ మెడ మాదిరి ఉబ్బు ఉండాది సూడు, దాన్ని తాకించాకు. ఆ ఉబ్బే గాయాన్ని మూసేది.”

బడి ముఖం ఎరుగని పెద్దాయన చెప్పిన ఈ మాటలు, ప్రపంచ ప్రసిద్ధుడైన వృక్షశాస్త్రవేత్త అలెక్స్ షైగో బోధించినవే కావడం గమనింపదగినది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన షైగో వేలాది చెట్లను నిలువునా కోసి వాటి గాయాల చరిత్రను చదివాడు. మనిషి చర్మం వలె చెట్టు తన గాయాన్ని మాన్పుకోలేదని, గాయపడిన భాగం చుట్టూ గోడ కట్టి కుళ్ళు వ్యాపించకుండా బంధిస్తుందని, దానిపై కొత్త కలప పెరిగి మూస్తుందని ఆయన నిరూపించాడు. కొమ్మ బోదెను కలిసే చోటనున్న ఉబ్బే ఆ గోడ కట్టే స్థలం. దానిని కోసివేస్తే చెట్టు రక్షణ కూలిపోతుంది. పొడవాటి మోడును మిగిల్చినా కుళ్ళుకు దారి తెరచినట్లే. 2006లో మరణించిన షైగో సూక్ష్మదర్శినితో తెలుసుకున్న సత్యాన్ని ఈ పెద్దాయన అరికాలితో, అనుభవంతో తెలుసుకున్నాడు. ఇద్దరికీ గురువు చెట్టే.

మనవడు రెండవ కొమ్మను తాత చెప్పినట్లే కోశాడు. కింద గాటు పెట్టేటప్పుడు గొలుసు గడను తన వైపు నెట్టింది. రెండు చేతులతో బిగించి పట్టుకోవలసి వచ్చింది. పైగాటుతో కొమ్మ చప్పుడు చేయకుండా తెగి, తాడు లోపలి ఖాళీ నేలమీద పడింది. వీధిమీదికి వంగిన పెద్దకొమ్మను ఒకేసారి కోయలేదు. కొన నుండి మొదలుపెట్టి మూరెడు మూరెడు ముక్కలుగా దించారు. మధ్యమధ్య భుజాలు లాగి గడ దించి ఊపిరి పీల్చుకున్నారు. పైన బరువున్న గడను ఎత్తి నిలపడం చూచినంత తేలిక కాదు. ఒక కొమ్మకూ మరో కొమ్మకూ నడుమ రంపపు నాలికను స్పిరిటుతో తుడిచారు. ఒక కొమ్మలోని తెగులు రంపం ద్వారా మరొక కొమ్మకు అంటుకోకూడదన్న జాగ్రత్త అది. మధ్యాహ్నానికి మూడు కొమ్మలు నేలకు దిగాయి. ఇక మిగిలింది ఒక్కటే, కరెంటు తీగల వైపు చాచుకొన్నది.

“ఇది గూడా ఒక్క నిమిషం పని తాతా! తీగకు ఇంకా రెండు మూరల ఎడముంది” అన్నాడు మనవడు. చేయి తిరిగినవాడి ధీమా అతని గొంతులో వినిపించింది. చీనీతోట రైతు కూడా ఇంకొక్కటే గదా అన్నట్లు చూశాడు.

పెద్దాయన ముఖం పాలిపోయింది. ఆయన మనవడి చేతిలోని గడను గట్టిగా పట్టుకున్నాడు.

“ఆ పొద్దు గూడా ఒక్క కొమ్మే మిగిలింది” అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు ఆయన అరుగు మీద కూర్చొని, నలభై ఏళ్ళుగా దాచుకొన్న మాట చెప్పాడు. తడి బోదె, తన వంతు, మిత్రుడి పతనం, తెల్లవారిన తీరు అన్నీ చెప్పాడు. చెప్పడం ముగిసేసరికి వీధిలో చప్పుడు లేదు. మనవడు బ్యాటరీని ఊడదీసి పక్కన పెట్టాడు.

ఆయన భయం నిరాధారమైనది కాదు. ఇటువంటి రంపపు గడలు ఎక్కువగా అల్యూమినియంతో తయారవుతాయి. అల్యూమినియం విద్యుత్తుకు రాజమార్గం. గడ తీగను తాకకపోయినా, తెగిన కొమ్మ వాలి తీగ మీద పడితే చాలు. పచ్చికొమ్మలోని తేమ కూడా విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. చేతి తొడుగులు కాపాడుతాయనుకోవడం భ్రమ. తీగలకు కనీసం పది అడుగుల లోపలికి ఈ సాధనాన్ని తీసుకుపోరాదు. ఆ లోపలి కొమ్మ గృహస్థు కోయవలసినది కాదు, విద్యుత్ సిబ్బంది కోయవలసినది. వారు కూడా ఎల్.సి. తీసుకొని, అనగా ఆ తీగలో సరఫరా నిలిపివేయించి, నిలిచిందని పరీక్షించుకొని గాని కొమ్మ మీద చేయి వేయరు. ఈ నియమం పాటించని తొందరపాటే ఎన్నో ఇండ్లలో దీపాలు ఆర్పింది.

మరునాడు ఉదయం లైన్‌మన్ వచ్చాడు. ఎల్.సి. తీసుకొని, నిచ్చెన వేసి, పావుగంటలో ఆ కొమ్మను ముక్కలుగా దించాడు. “మంచిపని చేసినావు పెద్దాయనా, మమ్మల్ని పిలిచి” అన్నాడు. ఆ పావుగంట సేపు వీధిలో ఫ్యాన్లు తిరగలేదు. ఎవరూ విసుక్కోలేదు.

కోసిన రెమ్మలను ఊరి వెలుపల కాల్చారు. లావుపాటి కొమ్మలలో తెగులు లేని భాగాన్ని ఎండబెట్టి పొయ్యికి వాడుకున్నారు. చెట్టుకు మందు పిచికారీ చేశారు. ఆ సాయంత్రం పెద్దాయన వీధి అవతలి ఇంటికి నడిచివెళ్ళాడు. మిత్రుడి భార్య వాకిట్లో కూర్చొని ఉంది. వారిద్దరూ ఏమి మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. చీకటిపడిన తరువాత ఆయన తిరిగివచ్చాడు. ఆ తరువాత ఆమె ఎదురైనప్పుడు పక్కకు తప్పుకోవడం మానివేశాడు.

ప్రతి కొత్త సాధనం ఒక వరంతోపాటు ఒక పరీక్షను కూడా తెస్తుంది. ఎక్కే శ్రమ ఉన్నంతకాలం మనిషి కొమ్మను కోసే ముందు ఒకసారి ఆలోచించేవాడు. మీట నొక్కగానే తెగే కాలంలో ఆ ఆలోచనకు వ్యవధి ఉండదు. అడ్డమనిపించిన ప్రతి కొమ్మనూ, ఆకు రాలి వాకిలి పాడవుతున్నదన్న ప్రతి చెట్టునూ మొండిచేసే ప్రమాదం ఉంది. కరవు ఏడాదుల్లో కాపరులు మేకల కోసం పదేపదే ఆకు దించిన చెట్లు ఎలా కృశించిపోతాయో ఈ సీమవారు ఎరుగుదురు. చెట్టుకు ఆకే వంటయిల్లు. ఒకే ఏడాది పచ్చికొమ్మలను మితిమీరి నరికితే అది పస్తులుండి నశిస్తుంది. చెట్లను కాపాడడానికే 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. అయితే చట్టం ప్రతి వాకిట్లోనూ కాపలా ఉండలేదు. కోసేవాడి వివేకమే చెట్టుకు నిజమైన కంచె.

ఇంకొక ప్రశ్న కూడా ఉంది. చెట్లెక్కే పనివారి బ్రతుకుతెరువును ఈ రంపం హరించదా? హరించవచ్చు. కాని ఆ బ్రతుకుతెరువులో ఎందరి ప్రాణాలు రాలిపోయాయో కూడా లెక్కలోకి తీసుకోవాలి. చెట్టెక్కే కాలు అనవసరమైనా చెట్టును చదివే కన్ను ఎన్నటికీ అవసరమే. ఆ కన్ను ఉన్నవారి చేతికి ఈ కొత్త దోటిని అందించి, తగిన కూలి ఇవ్వగలిగితే వారి విద్య నిలుస్తుంది, ప్రాణమూ నిలుస్తుంది. ఆ కన్ను లేనివాడి చేతిలో ఎంత పదునైన రంపమైనా బెరడు ఒలిచే యంత్రమే.

ఒకప్పుడు చెరువుకట్ట నిలవడానికి ముసలమ్మ ప్రాణమిచ్చిందని ఆ ఊరు తలచుకుంటుంది. ఆమె త్యాగాన్ని గౌరవించడమంటే అటువంటి త్యాగం మరొకరికి అవసరం కాకుండా చూసుకోవడమే. ఒక కొమ్మ కోసం, ఒక్క నిమిషం ఆదా కోసం, ఒక పూట కూలి కోసం ఎవరూ బలి కానక్కరలేదు.

2022 ఏప్రిల్‌లో శుభకృత్ నామ సంవత్సర ఉగాది వచ్చింది. మొండిగా కనిపించిన వేపచెట్టు పక్కకొమ్మల నిండా లేత రాగిరంగు చిగుళ్ళు తొడిగింది. అక్కడక్కడా పూతకూడా నిలిచింది. అయితే ఆ పూత ఉన్న కొమ్మలు చేతికి అందేంత కిందికి లేవు. మనవడు బ్యాటరీ రంపం తెస్తానని బయలుదేరాడు.

“పువ్వుకు రంపమెందుకురా?” అని పెద్దాయన అటక మీది పాత వెదురు దోటిని దించి, బూజు దులిపి అతని చేతికి ఇచ్చాడు. మనవడు కొక్కెంతో కొమ్మను మెల్లగా వంచి పట్టుకోగా, తాత పండుగకు సరిపడినంత పువ్వు మాత్రమే దూసుకొని, కొమ్మను వదిలిపెట్టమన్నాడు. కొమ్మ తన చోటికి లేచిపోయింది. ఆ పువ్వులో దోసెడు వేరుగా ఆకులో చుట్టి, వీధి అవతలి ఇంటిలో ఇచ్చి రమ్మని ఆయన మనవణ్ణి పంపాడు.